చేతిలో ఫోను – చెదిరే బంధాలు
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ సమావేశంలో మమ్మల్ని చదువుల గురించి మాట్లాడమంటారు. స్కాలర్‌షిప్పు దరఖాస్తులు, పదో తరగతి ఫలితాలు, ఆడపిల్లల పైచదువులు – ఇవే మేము చెబుతూ వచ్చిన మాటలు. ఈసారి మాత్రం కార్యదర్శి గారు ముందే వచ్చి, "సార్, ఈసారి ఫోన్ల గురించి చెప్పండి" అన్నారు. ఎందుకని అడిగాం. "పూర్వం పంచాయితీకి వచ్చేవాళ్ళు సాక్షుల్ని వెంటబెట్టుకొచ్చేవారు. ఇప్పుడు ఫోను తెచ్చి బల్ల మీద పెడుతున్నారు. 'చూడండి, ఎన్ని మెసేజీలు పెట్టానో, ఒక్కదానికీ జవాబు లేదు' అంటున్నారు" అన్నారాయన.

ఆ మాట మమ్మల్ని ఆలోచనలో పడేసింది. జవాబు లేకపోవడమే ఫిర్యాదు. తిట్టారని కాదు, కొట్టారని కాదు, జవాబు రాలేదని. ఇంత చిన్న విషయానికి కాపురాలు కదిలిపోతాయా? పోతాయనే ఒక పరిశోధన చెబుతోంది. దాన్ని చేసినవారిలో మొదటి పేరు హైదరాబాదు ట్రిపుల్ ఐటీలో చదువుకున్న కంప్యూటర్ శాస్త్రవేత్త గరిమెళ్ళ కిరణ్ గారిది. ఆ తరువాత ఆయన ఫిన్లాండు దేశంలోని ఆల్టో విశ్వవిద్యాలయంలో డాక్టరేటు చేశారు. ఇప్పుడు అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయంలో బోధిస్తున్నారు. మన పిల్లలు ఎందరో బతుకుతెరువు కోసం వెళ్ళే దోహా నగరం ఉంది కదా, అక్కడి ఖతర్ కంప్యూటింగ్ పరిశోధన సంస్థలో కూడా ఆయన పనిచేశారు. అక్కడి శాస్త్రవేత్త ఇంగ్మార్ వెబర్, అమెరికాకు చెందిన సోన్యా డాల్ సిన్ అనే ఆచార్యురాలు, కిరణ్ గారు – ఈ ముగ్గురూ కలిసి 2014లో ఒక పరిశోధన పత్రం వెలువరించారు. ట్విట్టర్‌లో ప్రేమ జంటలు ఎలా విడిపోతాయన్నది దాని విషయం.

వాళ్ళు చేసిన పని మా ఎనిమిదో తరగతి పిల్లలకు కూడా అర్థమవుతుంది. ట్విట్టర్‌లో ప్రతి మనిషీ తన గురించి రెండు ముక్కలు రాసుకుంటాడు. కొందరు అక్కడే తమ తోడు పేరు కూడా రాసుకుంటారు. అలా పేర్లు రాసుకున్నవాళ్ళను వెతికారు. కొన్ని నెలల పాటు ఆ పరిచయ వాక్యాలను మళ్ళీ మళ్ళీ చూశారు. నిన్నటిదాకా ఉన్న పేరు ఇవాళ లేకపోతే ఆ జంట విడిపోయిందని లెక్క. అలా విడిపోయిన 661 జంటలు తేలాయి. విడిపోక ముందు వాళ్ళ మాటలు ఎలా ఉన్నాయి, తరువాత ఎలా మారాయి అని పరిశీలించారు.

నాలుగు విషయాలు బయటపడ్డాయి. మొదటిది, జంట కాకముందు ఎంత దగ్గరగా మసలారో, విడిపోయాక కూడా దాన్నిబట్టే కొంత దగ్గరితనం మిగులుతుంది. రెండవది, విడిపోయే ముందు ఒకరి మెసేజికి మరొకరు జవాబివ్వడం తగ్గిపోతుంది. మూడవది, విడిపోయాక వాళ్ళ రాతల్లో దిగులు కనిపిస్తుంది. నాలుగవది, అంతకుముందు ఎవరూ గమనించనిది – జంట విడిపోగానే ఇద్దరి స్నేహితుల జాబితాలోంచి ఒక్కసారిగా 15 నుంచి 20 మంది దాకా మాయమవుతారు.

ఈ నాలుగింటిలో రెండవదీ, నాలుగవదీ ఈ రోజు మనకు కావలసినవి.

రెండవ దానికి మనస్తత్వ శాస్త్రంలో ఒక పేరుంది. జాన్ గాట్‌మన్ అనే అమెరికా మనస్తత్వవేత్త దంపతుల మాటతీరును దశాబ్దాల పాటు పరిశీలించి, కాపురం చెడబోతోందని చెప్పే నాలుగు గుర్తులు చూపించారు. ప్రతిదానికీ తప్పుబట్టడం, చిన్నచూపు చూడడం, తన తప్పేమీ లేదని వాదించడం, నాలుగవది గోడలా మారిపోవడం. ఎదుటి మనిషి మాట్లాడుతూనే ఉంటారు, ఇటు నుంచి ఉలుకూ పలుకూ ఉండదు. ఇది మన ఇళ్ళలో కొత్తగా వచ్చిందేమీ కాదు. అలిగి మాట మానేసిన అత్తాకోడళ్ళను, అన్నదమ్ములను చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నాం. కానీ ఆ రోజుల్లో ఒకే కప్పు కింద ఉన్నవాళ్ళు మాట మానేసినా, అన్నం పళ్ళెం ముందు పెట్టే చప్పుడులోనే కోపం ఎంతుందో, తగ్గిందో పెరిగిందో తెలిసిపోయేది. ఫోనులో ఆ చప్పుడు లేదు. రెండు నీలం టిక్కులు మాత్రం ఉంటాయి. చదివారు, పలకలేదు – అంతే తెలుస్తుంది. మిగిలినదంతా మన మనసు ఊహించుకుంటుంది. మనసు మంచిని ఊహించడం తక్కువ.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఆ 661 జంటలు మన చర్లవాళ్ళో, అశ్వారావుపేటవాళ్ళో కాదు. ఇంగ్లీషులో, నలుగురూ చూసేలా రాసుకున్నవాళ్ళు. వాళ్ళ జీవన పద్ధతి వేరు, నికాహ్‌తో ముడిపడిన మన సంసారాలు వేరు. పైగా జవాబు తగ్గడం వల్లే విడిపోయారని ఆ పరిశోధన చెప్పలేదు. జవాబు తగ్గడం ఒక లక్షణం అంది. ఒళ్ళు కాలడం జ్వరానికి గుర్తే గాని జ్వరానికి కారణం కాదు కదా. అయితే ఒళ్ళు కాలుతుంటే ఏ తల్లీ ఊరుకోదు.

మన ప్రాంతానికి ఇంకో చిక్కుంది. పట్నంలో మౌనమంటే మౌనమే. మన అడవి అంచు పల్లెల్లో మౌనానికి ఇంకో కారణం ఉంటుంది – సిగ్నలు. గుట్ట ఎక్కితేనో, ఫలానా చెట్టు కిందికి వెళితేనో ఫోను పలికే ఊళ్ళు మనకున్నాయి. వాట్సాప్‌లో ఒక్క టిక్కు పడితే మెసేజి ఇక్కడి నుంచి వెళ్ళింది, అక్కడి ఫోనుకు ఇంకా చేరలేదని అర్థం. బూడిద రంగులో రెండు టిక్కులు పడితే ఫోనుకు చేరింది. రెండూ నీలంగా మారితే తెరిచి చూశారు. ఈ మూడింటికీ తేడా తెలియక జరిగిన అనర్థం మా బంధువుల్లోనే ఉంది. అందులో మా తప్పు కూడా ఉంది. ఆ రెండు కుటుంబాల అనుమతి తీసుకునే, పేర్లూ ఊర్లూ లేకుండా చెబుతున్నాం.

2022 జులై వరదలు మీకందరికీ గుర్తుండే ఉంటాయి. భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 53 అడుగుల దగ్గరైతే, ఆ పైన ఇంకో 18 అడుగులు. 1986లో వచ్చిన 75.6 అడుగుల తరువాత మళ్ళీ అంత నీరు చూడలేదు. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. ఆ రోజుల్లో మా చెల్లెలి వరసయ్యే ఆమె కోడలు పురిటికి పుట్టింటికి వెళ్ళి ఉంది. పుట్టిల్లు నది ఎగువన ఒక పల్లె. అబ్బాయి గల్ఫ్‌లో ఏసీ మెకానిక్. కరెంటు పోయింది, టవరు మూగబోయింది. అతని మెసేజిలకు నాలుగు రోజులు ఒక్క టిక్కే.

మొదటి రోజు భయపడ్డాడు. రెండో రోజు మాకు ఫోను చేసి, "మామూ, ఏదైనా కబురు తెలిసిందా?" అని ఏడ్చాడు. ఈలోపల అతని ఫోనుకు ఎక్కడివో ఎప్పటివో తెలియని వరద వీడియోలు వచ్చి పడ్డాయి. మూడో రోజు ఎవరో బంధువు "వాళ్ళ అన్న స్టేటస్ పెడుతున్నాడుగా, నీకే జవాబు లేదా?" అన్నాడట. ఆ అన్న ఉండేది ఖమ్మంలో, ఆ పల్లెలో కాదు. ఆ సంగతి గుర్తుకు రాలేదు. భయం కాస్తా కోపమైంది. రాత్రంతా మెసేజిలు పెట్టాడు. అయిదో రోజు ఆ పిల్ల తండ్రితో కలిసి రోడ్డు దాకా వచ్చింది. సిగ్నలు తగలగానే అన్నీ ఒక్కసారే దిగాయి. మొదట "ఎలా ఉన్నావు" అని ఉన్నవి, చివరకు వచ్చేసరికి అనరాని మాటలు. నిండు చూలాలు, రోడ్డు పక్కన నిలబడి అవన్నీ చదివింది. ఒకే ఒక్క ఘాటు జవాబు పెట్టి ఫోను కట్టేసింది. ఆ తరువాత సిగ్నలు ఉన్నా జవాబు లేదు. ఈసారిది నిజమైన మౌనం.

ఇక మా తప్పు. అతను ఆమె జవాబును ఫొటో తీసి మాకు పంపాడు. పెద్దవాళ్ళు చూసి నాలుగు మంచి మాటలు చెబుతారని, మేము దాన్ని కుటుంబం గ్రూపులో పెట్టాం. గ్రూపులో 46 మంది ఉన్నారు. ముప్పై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పినవాళ్ళం, ఆ ఒక్క పని చేసే ముందు ఒక్క నిమిషం ఆలోచించలేదు. అతను అంతకుముందు పెట్టిన మెసేజిలు ఎవరూ చూడలేదు. ఆమె జవాబు మాత్రం అందరూ చూశారు. సగంమంది ఆమెను అన్నారు. ఆమె అన్నలు ఆ రాత్రే గ్రూపులోంచి వెళ్ళిపోయారు. వాళ్ళ వెనుక పిన్నులు, బావలు, మరదళ్ళు. వారం తిరిగేసరికి 17 మంది లేరు.

ఆ పరిశోధన గురించి మేము చదివింది ఆ తరువాతే. 15 నుంచి 20 మంది ఒక్కసారిగా మాయమవుతారన్న వాక్యం దగ్గర ఆగిపోయాం. మా గ్రూపు గుర్తొచ్చింది. ఇద్దరి మధ్య తెగిన దారం వెంట ఎన్ని దారాలు జారిపోతాయో ఆ అంకె చెబుతోంది. పాప పుట్టింది. ఏడో రోజు అఖీఖా చేశారు. తండ్రి వైపు నుంచి వచ్చినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. మేము కూడా వెళ్ళలేదు. ఏ ముఖం పెట్టుకుని వెళ్ళాలి?

వాళ్ళను కలిపింది మెసేజి కాదు. ఆ పిల్ల మామగారు, పెద్దగా చదువుకోని మనిషి, ఒకరోజు పొద్దున్నే బస్సెక్కి, దిగి, ఆటో పట్టుకుని వియ్యంకుడి ఇంటికి వెళ్ళారు. ఫిర్యాదు ఏమీ చేయలేదట. మనవరాలిని ఒళ్ళో వేసుకుని, "నా కొడుకు భయపడ్డాడు బేటీ. భయపడ్డవాడు అరిచాడు" అన్నారట. అంతే. ఆ సాయంత్రం ఆమె తనంతట తానే అతనికి ఫోను చేసింది. తరువాత మేమూ వెళ్ళి, గ్రూపులో పెట్టినందుకు ఆ ఇంట్లో అందరి ముందూ క్షమాపణ చెప్పుకున్నాం. ఇప్పుడు వాళ్ళు బాగున్నారు. కానీ గ్రూపులోంచి వెళ్ళిన 17 మందిలో తిరిగొచ్చింది పదకొండు మందే. మిగతా ఆరుగురు ఇప్పటికీ పెళ్ళిళ్ళలో ఎదురుపడితే సలాం చెప్పి పక్కకు తప్పుకుంటారు. ఫోనులో ఒక బటను నొక్కి పెట్టినదాన్ని, మళ్ళీ బటను నొక్కి తీసెయ్యలేకపోయాం.

ఆ మామగారు చేసినదానికి కూడా ఒక పరిశోధన అర్థం చెబుతుంది. 2013లో ఫేస్‌బుక్ ఉద్యోగి లార్స్ బాక్‌స్ట్రామ్, కార్నెల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జాన్ క్లైన్‌బర్గ్ ఒక ప్రశ్న వేసుకున్నారు. ఒక మనిషి స్నేహితుల జాబితా మాత్రమే ఇస్తే, అందులో భార్య ఎవరో, భర్త ఎవరో కనిపెట్టగలమా? ఎక్కువమంది ఉమ్మడి స్నేహితులున్నవారే జీవిత భాగస్వామి అయి ఉండాలని మనం అనుకుంటాం. అది సరిపోలేదు. మనిషికి చిన్ననాటి స్నేహితులు వేరు, పనిచేసే చోటివాళ్ళు వేరు, చుట్టాలు వేరు. ఈ గుంపులవాళ్ళు ఒకరికొకరు తెలియదు. కానీ భార్యకు, భర్తకు అన్ని గుంపుల్లోనూ పరిచయం ఉంటుంది. అన్ని ఒడ్లకూ వంతెనలా నిలిచేది వాళ్ళే. అలాంటి వంతెనతనం లేని జంటలు త్వరగా విడిపోయే అవకాశం ఎక్కువని కూడా తేలింది. మనవాళ్ళు పెళ్ళైన కొత్తలో కోడలిని ఇంటింటికీ దావతుకు తిప్పడం వెనుక ఇదే ఉంది. గల్ఫ్‌లో ఉన్న అబ్బాయి గదిలో ఎవరెవరు ఉంటారో ఈ పిల్లకు తెలియదు. ఆమె పుట్టింటి ఊళ్ళో సిగ్నలు ఎక్కడ దొరుకుతుందో అతనికి తెలియదు. వంతెన కట్టకముందే వరద వచ్చింది.

వరద వీడియోల మాట చెప్పాం. కిరణ్ గారిదే ఇంకో పరిశోధన ఉంది. డీన్ ఎకిల్స్ అనే ఆచార్యుడితో కలిసి, మన దేశంలోని రాజకీయ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే బొమ్మలను పరిశీలించి 2020లో ప్రచురించారు. వాళ్ళు చూసిన నమూనాలో సుమారు 13 శాతం బొమ్మలు జనాన్ని తప్పుదారి పట్టించేవే. అందులో ఒక రకం, ఎప్పటివో పాత ఫొటోలను ఇవాళ్టివిగా చెప్పేవి. మరో రకం, కంప్యూటరులో మార్చినవి. రాజకీయ గ్రూపుల లెక్క మన ఇంటి గ్రూపులకు అచ్చంగా సరిపోదు, నిజమే. కానీ చుట్టాలు పంపేది కాబట్టి నిజమై ఉంటుందనే నమ్మకం ఇంటి గ్రూపులోనే ఎక్కువ.

ఇవన్నీ శాస్త్రవేత్తలు ఇప్పుడు చెబుతున్నారు. మన దీన్‌లో ఇందుకు కావలసిన మందు ఎప్పుడో ఉంది. సూరె హుజురాత్‌లో, ఏదైనా వార్త వస్తే ముందు విచారించుకోండి, లేకపోతే తెలియక ఎవరికో హాని చేసి తరువాత పశ్చాత్తాపపడతారనే బోధ ఉంది. గీబత్‌ను ఎంత నీచమైనదిగా చెప్పారో అదే సూరెలో ఉంది. సాటి ముస్లిముతో మూడు రోజులకు మించి మాట మానుకోవడం తగదని మహాప్రవక్త (సఅసం) వారు బోధించిన సంగతి మన పిల్లలకు మక్తబులోనే నేర్పుతాం. సిలా రహ్మీ, అంటే చుట్టరికాన్ని కలుపుకుంటూ పోవడం, మన ఇష్టానికి వదిలిన మర్యాద కాదు, బాధ్యత. ఇక భార్యాభర్తల మధ్య చీలిక వస్తుందని భయమేస్తే ఏం చేయాలో సూరె నిసాలో ఉంది. అతని కుటుంబం నుంచి ఒకరు, ఆమె కుటుంబం నుంచి ఒకరు మధ్యవర్తులుగా కూర్చోవాలి. ఇద్దరు. మేము ఆ ఇద్దరి పనిని 46 మందికి అప్పగించాం.

చట్టం మాట కూడా ఒకటి. ఒకేసారి మూడు తలాక్‌లు చెప్పడం చెల్లదని 2017 ఆగస్టు 22న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 2019లో వచ్చిన చట్టం ప్రకారం అది నోటితో చెప్పినా, కాగితం మీద రాసినా, ఫోనులో మెసేజిగా పంపినా చెల్లదు. పైగా మూడేళ్ళ దాకా జైలు. ఆ చట్టం మీద మనలో రకరకాల అభిప్రాయాలున్నాయి, వాటికి ఇది వేదిక కాదు. కోపంలో వేళ్ళు ఆడించే యువకులకు మాత్రం ఈ సంగతి తెలిసి ఉండాలి.

ఇప్పుడు ఈ సొసైటీ ముందు మా విన్నపాలు మూడు.

ఒకటి. మన ఇళ్ళలో మెసేజికి జవాబు ఇవ్వడాన్ని సలాముకు బదులివ్వడం లాంటిదిగా భావిద్దాం. పనిలో ఉంటే "పనిలో ఉన్నాను, రాత్రి మాట్లాడతాను" అన్న ఒక్క ముక్క చాలు. కోపంగా ఉంటే "ఇప్పుడు కోపంలో ఉన్నాను, రేపు మాట్లాడతాను" అని చెప్పండి. అదీ జవాబే. మూడు రోజులు దాటనివ్వకండి. అవతలి నుంచి జవాబు రాకపోతే ముందు టిక్కులు చూడండి, ఆ తరువాత ఆ ఊరికి దగ్గరలో ఉన్న ఎవరినైనా అడగండి. తప్పు పట్టడం అన్నిటికన్నా చివర.

రెండు. ఇద్దరి మధ్య జరిగిన మాటను ఫొటో తీసి గ్రూపులో పెట్టకండి. మీరు ఎంత మంచి ఉద్దేశంతో పెట్టినా సరే. మేమూ మంచి ఉద్దేశంతోనే పెట్టాం.

మూడు. దుప్పట్లకు, పుస్తకాలకు, మందులకు సొసైటీ ఖర్చు చేస్తోంది. ఆ పద్దులో బస్సు చార్జీలకు కూడా కొంత కలపమని కోరుతున్నాం. ప్రతి మొహల్లాలో నోరు కట్టుకోగల ఒక పెద్దాయనను, ఒక పెద్దమ్మను ఎంచుకుని, కాపురంలో కలత వచ్చిన ఇంటికి మనిషిగా పంపుదాం. మెసేజి పంపొద్దు. వెంకటాపురం వైపైనా, దుమ్ముగూడెం వైపైనా, 2014లో ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాక రాష్ట్రమే మారిపోయిన మన చుట్టాల ఊళ్ళకైనా, మనిషి వెళ్ళి గుమ్మంలో నిలబడి సలాం చెబితే దానికి బదులు రాకుండా ఉండదు.

విద్యార్థులకు చివరగా ఒక మాట. కిరణ్ గారి లాంటివాళ్ళు కంప్యూటరుతో మనుషుల మనసుల గురించి ఇంత తెలుసుకోగలిగారు. మీలోనూ అలాంటి శాస్త్రవేత్తలు రావాలని మా కోరిక. మన పల్లెల్లో ఒక్క టిక్కు దగ్గర ఆగిపోయే మాటల గురించి లెక్క కట్టాల్సినవాళ్ళు మీలో నుంచే రావాలి. అందాకా ఈ రాత్రికి ఒక పని చేయండి. ఇంటికి వెళ్ళాక మీ ఫోను తీసి, మీరు చదివి జవాబివ్వకుండా వదిలేసిన మెసేజి ఏదైనా ఉందేమో వెతకండి. నానీదో, పిన్నిదో, పాత స్నేహితుడిదో. ఉంటే, రాయకండి. ఫోను చేయండి.

మా మాటల్లో పొరపాట్లుంటే మన్నించండి. తెగిన బంధాలను కలిపే శక్తిని, తెగకుండా కాపాడుకునే తెలివిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్. వస్సలాము అలైకుమ్.